ఆంగ్ల సామెతలలోని 'హి' యెవరు?

ఒకనాటి సాయంకాలము మా పదియేండ్ల యమ్మాయి యాంగ్లపాఠము వల్లెవేయుచు 'హి హూ హెజిటేట్స్ ఈజ్ లాస్ట్' అను సామెతకడ నిలిచిపోయినది. సందేహించువాడు చెడునని దాని భావము. "అమ్మా! సందేహించువాడు చెడును సరే. ఆడుది సందేహించిన చెడదా?" అని యడిగినది. నేను నవ్వితిని గాని వెంటనే బదులు చెప్పజాలనైతిని. పిమ్మట మావారి నడిగియు, వారి పుస్తకములు చూచియు గ్రహించిన సంగతుల నిచట విన్నవించుచున్నాను.

ఆంగ్లమున నేకవచనములో పురుషునకు 'హి', స్త్రీకి 'షి', తక్కినవానికి 'ఇట్' అను సర్వనామములు గలవు. ఇరువురకును జెల్లుటకే యేర్పడిన యేకవచనపదము వేఱొకటి లేదు. కావున లోకమున కెల్ల నీతి గఱపు సామెతలును 'హి' తోడనే మొదలగుచున్నవి. కడపట నవ్వువాడే బాగుగ నవ్వునట! కాలము ఏ 'మాన్' కొఱకును నిలువదట! అయితే వేయేండ్లనాటి యాంగ్లమున 'మాన్' అనగా మనుష్యమాత్రమే. స్త్రీకిని ఆ పదము చెల్లెడిది. పురుషుడను నర్థము రాను రాను బలపడినది.

ఎవరని తెలియని యొక్కరిని గూర్చి చెప్పునపుడు బహువచనమగు 'దే' అను పదమును వాడుట 14వ శతాబ్దినాటికే కలదు. షేక్స్పియరు, జేన్ ఆస్టిన్ మున్నగువారును అట్లు వ్రాసిరి. 18వ శతాబ్ది వ్యాకరణకర్తలలో కొందఱు, పుంలింగమే యిరువురకు జాలునని సూత్రము చేసిరి. వారిలో ఆన్ ఫిషర్ అను పండితురాలును ఉండుట వింత గాదా!

ఇది వ్యాకరణముతోనే ముగిసిన మన కేమి బాధ? బ్రిటిషు పార్లమెంటు 1850లో నొక చట్టము చేసి, శాసనములందలి పుంలింగపదములు, వేఱుగ జెప్పనిచో, స్త్రీలకును వర్తించునని నిర్ణయించెను. 1867లో ఓటుహక్కు బిల్లునందు 'మాన్' అనుటకు బదులు 'పర్సన్' అని యుండవలెనని జాన్ స్టూవర్ట్ మిల్ ప్రతిపాదింపగా 73 మంది యనుకూలురును, 196 మంది ప్రతికూలురును అయిరి. మాంచెస్టరు స్త్రీలు ఆ 1850 నాటి చట్టమునే నమ్మి న్యాయస్థానమున కేగగా, ఓటు విషయమున 'మాన్' అనుటలో స్త్రీ చేరదని 1868లో తీర్పు వచ్చినది. పన్ను చెల్లించునపుడు చేరిన స్త్రీ, ఓటు వేయునపుడు చేరకపోయినది! అచట 30 ఏండ్లు నిండిన కొందఱు స్త్రీలకు 1918లోను, పురుషులతో సమముగ నెల్లరకు 1928లోను ఓటు లభించినది.

ఈ కొఱత దీర్చుటకు 1884లో కాన్వర్సు అను అమెరికా దేశీయుడు 'థాన్' అను క్రొత్తపదమును ప్రకటించెను. అది నిఘంటువున కెక్కినను జనుల నాలుక కెక్కలేదు. తుదకు పాత 'దే' పదమే గెలిచినది. 2019లో మెరియం వెబ్‌స్టరు నిఘంటువువారు దానినే ఆ సంవత్సరపు పదముగ నెన్నుకొనిరి. 'టు ఈచ్ హిస్ ఓన్' అను సామెతను 'టు ఈచ్ దెయిర్ ఓన్' అని యిప్పుడు పలువురు పలుకుచున్నారు.

బహువచనమును ఒక్కరికి వాడవచ్చునా యని కొందఱ యాక్షేపణ. 'యూ' అనునదియు నొకప్పుడు బహువచనమే గదా! మనమును పెద్దల నొక్కరినైనను 'వారు' అనియే యనుచున్నాము. 'తాను' అను చక్కని పదము స్త్రీపురుషుల కిరువురకును చెల్లుచున్నది. కావుననే 'తాను తీసిన గోతిలో తానే పడినట్లు' అను మన సామెతలో నెవ్వరికిని మినహాయింపు లేదు. అట్లని మనము గర్వింపరాదు. 'ఆమె వచ్చినది, ఆవు వచ్చినది' యని స్త్రీని పశువును ఒకే క్రియతో ముడివేసినది మన వ్యాకరణమే.

మఱునాడు మా యమ్మాయికి, "సందేహించువారు చెడుదురు అని చదువుము" అని చెప్పితిని. "అయితే నేనును జాగ్రత్తగా నుండవలెను" అన్నది. నీతి తనకును చెప్పబడినదని తెలిసిననే గదా బిడ్డ దానిని పాటించును! తల్లులారా! పాఠము చెప్పునపు డీ చిన్నమాటను మఱవకుడు.