దాచిన లెక్కలు మొలకెత్తుతాయా?

విత్తనం దాచుకునే రైతు కోతలు కాగానే ధాన్యమంతా అమ్మెయ్యడు. కొంత విడిగా తీసి, బాగా ఎండబెట్టి, మరుసటి ఏటికి దాస్తాడు. అయినా దాన్ని గుడ్డిగా నమ్మడు. నారు పోసేముందు ఓ నూరు గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలకెత్తాయో చూస్తాడు. తొంభై మొలిస్తే మంచి విత్తనమే. ఏభై మొలిస్తే మరోచోట విత్తనం వెతుక్కోవాలి. గాదె నిండా గింజలుండడం వేరు, అవి మొలకెత్తడం వేరు.

కంప్యూటర్లలో దాచుకునే లెక్కల విషయంలోనూ ఇంతే. అదెలాగో చూద్దాం.

నీళ్ల నడుమ లెక్కలు

గోదావరి పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేల కోనసీమ. 1986 ఆగస్టులో గోదావరికి పెను వరద వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చింది. 2022 జులైలో మళ్లీ లంక గ్రామాలు నీట మునిగాయి. ఇలాంటి చోట కాగితాల మీది లెక్కలకు నీళ్లూ చెదలూ శత్రువులు. కంప్యూటరులోని లెక్కలకు వీటితోబాటు ఇంకా కొన్ని శత్రువులున్నాయి: డిస్కు అరిగి పాడవడం, పిడుగుపాటు, దొంగ ప్రోగ్రాములు, అన్నిటినీ మించి మనిషి పొరపాటు.

వ్యాపార సంస్థలు తమ లెక్కలను ‘సర్వరు’ అనే కంప్యూటరులో ఉంచుతాయి. సర్వరు అంటే సేవ చేసేది. గుమాస్తాలు తమ తమ బల్లల దగ్గర కూర్చుని అడిగిన సమాచారాన్ని అది అందిస్తూ ఉంటుంది. అందులోని సమాచారానికి ఎప్పటికప్పుడు నకలు తీసి వేరేచోట దాచడమే ‘బ్యాకప్’. ఆ నకలు నుంచి పోయినదాన్ని తిరిగి యథాస్థానంలో పెట్టడం ‘రిస్టోర్’.

నకళ్లు దాచడానికి చాలాకాలంగా అయస్కాంతపు టేపులు వాడుతున్నారు. 1952లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన 726 అనే టేపు యంత్రంలో ఒక చుట్టలో సుమారు 20 లక్షల బైట్లు పట్టేవి. అరచేతిలో ఇమిడే నేటి ఎల్.టి.ఓ.-9 టేపుపెట్టెలో 18 లక్షల కోట్ల బైట్లు పడతాయి. పని కాగానే టేపును యంత్రం నుంచి తీసి బీరువాలో పెట్టవచ్చు. తీగతో సంబంధం లేని నకలును దొంగ ప్రోగ్రాములు తాకలేవు.

ఏది ముందు, ఏది వెనుక?

నకలు ఉంటే చాలు, తిరిగి పొయ్యడమే కదా అని మీరు అనుకోవచ్చు. కాని అందులోనే చిక్కంతా ఉంది.

ఐ.బి.ఎం. 1988 జూన్‌లో ఏ.ఎస్./400 అనే వ్యాపార కంప్యూటరును ప్రకటించింది. దాని సంతతి యంత్రాలు నేటికీ పనిచేస్తున్నాయి. వాటిలో ఉండే ప్రతి వస్తువునూ ‘ఆబ్జెక్టు’ అంటారు. లెక్కల ఫైలు ఒక ఆబ్జెక్టు. లెక్క కట్టే ప్రోగ్రాము ఒక ఆబ్జెక్టు. ఫలానా గుమాస్తా ఏం చూడవచ్చు, ఏం దిద్దవచ్చు అని చెప్పే వివరం మరొక ఆబ్జెక్టు. సర్వరు పూర్తిగా పాడైతే వీటన్నిటినీ ఓ వరుసలో తిరిగి పెట్టాలి.

ముందుగా యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాము. తర్వాత వాడేవాళ్ల వివరాలు. ఆ తర్వాత యంత్రానికి తగిలించిన పరికరాల వివరాలు. అటుపిమ్మట ఫైళ్లు, ప్రోగ్రాములు. చిట్టచివర, ఏ ఫైలు మీద ఎవరికి ఎంత అధికారమో ఆ వివరాలు.

ఈ వరుస ఎందుకు? ప్రతి ఫైలుకూ ఓ యజమాని ఉంటాడు. వాడేవాళ్ల వివరాలు ఎక్కకముందే ఫైలు ఎక్కిస్తే దాని యజమాని ఎవరో యంత్రానికి తెలియదు. దిక్కులేని వస్తువుల కోసం పెట్టిన ఖాతాలో దాన్ని వేస్తుంది. ఇక అధికారాలు చివరకు ఎందుకంటే, ఫైలే లేనప్పుడు దాని మీద అధికారం ఇవ్వడం కుదరదు కదా!

మరో సంగతి. అసలు లెక్కలున్న ఫైలు ఒకటి. ఆ లెక్కలనే ఊళ్లవారీగానో, పేర్లవారీగానో చూపించే ఫైలు మరొకటి. రెండోదానిలో లెక్కలు ఉండవు, దారి మాత్రమే ఉంటుంది. మీ పాఠ్యపుస్తకంలో విషయసూచిక వంటిదన్నమాట. పాఠాలు లేకుండా విషయసూచిక ఒక్కటే ఉంటే ఏం లాభం? అందుకే అసలు ఫైలును ముందు, దారిచూపే ఫైలును వెనుక పెట్టాలి.

రాత్రి నకలు, పగటి లెక్క

కొబ్బరి వ్యాపారానికి పేరుపడ్డ అంబాజీపేటలో ఓ వర్తకుడున్నాడనుకోండి. ఆయన సర్వరు రోజూ రాత్రి 10 గంటలకు నకలు తీస్తుంది. నిన్న రాత్రికి ఓ రైతుకు ఆయన ఇవ్వవలసిన బాకీ 12,000 రూపాయలు. ఈ ఉదయం 3,000 చెల్లించాడు. బాకీ 9,000 అయింది. మధ్యాహ్నం ఆ రైతే 5,000 రూపాయల కాయలు తెచ్చి వేశాడు. బాకీ 14,000. మూడు గంటలకు డిస్కు పాడైంది!

రాత్రి నకలు నుంచి రిస్టోర్ చేస్తే బాకీ ఎంత కనిపిస్తుంది? 12,000. అంటే రైతుకు 2,000 నష్టం. ఇటువంటి ఖాతాలు నాలుగైదు వందలుంటే ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరితో ఎంత తగాదా వస్తుందో ఊహించండి.

దీనికి విరుగుడు ‘జర్నల్’. దీన్ని మన చిట్టాపుస్తకంతో పోల్చవచ్చు. లెక్క మారిన ప్రతిసారీ ఆ మార్పును వరుసగా, వేళతో సహా ఈ జర్నల్లో రాస్తారు. దాన్ని అసలు ఫైలున్న డిస్కులో కాకుండా వేరే డిస్కులో ఉంచుతారు. డిస్కు పాడైనప్పుడు ముందు రాత్రి నకలును తెచ్చి పెట్టి, దాని మీద జర్నల్లోని మార్పులను ఒక్కొక్కటిగా అమలు చేస్తారు. 12,000 నుంచి 3,000 తీసివేత, 5,000 కూడిక. మళ్లీ 14,000 వచ్చేసింది!

ఇందులో మరో సౌకర్యం కూడా ఉంది. మూడు గంటలకు ఎవరో పొరపాటున ఖాతాలన్నీ చెరిపేశారనుకోండి. జర్నల్‌ను మూడుకు ఒక్క నిమిషం ముందు వరకే అమలుచేసి ఆపవచ్చు.

మొలకెత్తని గింజలు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఇలాంటి ప్రమాదమే జరిగింది. ప్రపంచంలో ఎందరో ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ పనిని ఆ సంస్థ దగ్గర దాచుకుంటారు. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తున్న ఓ ఇంజనీరు ఒక సర్వరు అనుకుని మరో సర్వరులో సమాచారాన్ని చెరిపేశాడు. కొన్ని సెకండ్లలోనే గుర్తించి ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నరే.

నకళ్లు తియ్యడానికి వాళ్లకు ఒకటికి నాలుగైదు ఏర్పాట్లున్నాయి. తీరా చూస్తే వాటిలో ముఖ్యమైనవి పనిచెయ్యడమే లేదు. రోజూ నకలు తియ్యవలసిన ప్రోగ్రాము, సర్వరులోని దానితో పొసగక, ఎప్పటినుంచో విఫలమవుతూ ఉంది. ఆ సంగతి తెలియజేసే హెచ్చరికలు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు, ప్రమాదానికి 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరికింది. దానితోనే అంతా నిలబెట్టారు. ఆ 6 గంటల్లో చేరిన సమాచారం మాత్రం పోయింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పింది. అందువల్లనే ఈ పాఠం మనదాకా వచ్చింది.

గాదె నిండా ఉన్నట్టే కనిపించింది. మొలక పరీక్ష చేసినవాళ్లే లేకపోయారు.

అందుకే నిపుణులు ‘మూడు-రెండు-ఒకటి’ అనే సూత్రం చెబుతారు. సమాచారం మూడు ప్రతులుగా ఉండాలి. రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటి దూరంగా వేరే ఊళ్లో ఉండాలి. అమలాపురంలోని సర్వరుకూ దాని నకలుకూ ఒకటే గది అయితే, ఒకే వరద రెంటినీ ముంచుతుంది. నకలు హైదరాబాదులో ఉంటే ఆ భయం లేదు. ఈ సూత్రానికి తోడు రైతు చేసే పనినీ చేర్చుకోవాలి: అప్పుడప్పుడు నకలును మరో యంత్రంలో రిస్టోర్ చేసి, లెక్కలు సరిపోతున్నాయో లేదో చూడాలి, ఎంతసేపు పట్టిందో కూడా రాసిపెట్టుకోవాలి.

మీరే చేసి చూడండి

మీ బడి కంప్యూటరులో మీరు రాసిన వ్యాసాన్నో, గీసిన బొమ్మనో ఓ పెన్‌డ్రైవులోకి నకలు తీయండి. దాన్ని మరో కంప్యూటరుకు పెట్టి తెరవండి. తెరుచుకుందా? అక్షరాలు సరిగా ఉన్నాయా? బొమ్మలు ఉన్నచోటే ఉన్నాయా? తెలుగు అక్షరాలకు బదులు గళ్లు కనిపిస్తే, ఆ రెండో యంత్రంలో తెలుగు లిపి లేదన్నమాట. ఫైలు ఒక్కటే చాలదనీ, దానికి తోడు ఉండవలసినవి వేరే ఉన్నాయనీ అప్పుడు మీకే తెలుస్తుంది. అసలు ప్రతి ఇంకా చేతిలో ఉన్నప్పుడే ఈ పరీక్ష చెయ్యాలి. నారుమడి తడిపాక విత్తనం పుచ్చిందని తెలిస్తే రైతు ఏం చెయ్యగలడు?