సిరా లేని అచ్చు

మాఘమాసం వచ్చిందంటే పల్నాడులో ఇంటింటికీ శుభలేఖలు మొదలవుతాయి. నాలుగు మూలలా పసుపు, పైన వినాయకుడు, కింద వధూవరుల పేర్లు. ఆ పేర్లు మెరుస్తుంటాయి. ఈసారి కార్డు చేతికొచ్చినప్పుడు దీపం ముందు కాస్త వాల్చి చూడండి, అక్షరం వెంట వెలుగు జారుతుంది. వేలితో తడిమితే అక్షరం అట్టలోకి కొంచెం దిగి ఉన్నట్టు తెలుస్తుంది. వాసన చూస్తే సిరా వాసన రాదు, ఎందుకంటే అక్కడ సిరా లేదు. ఆ పేర్లను అట్ట మీద అంటించింది వేడి.

వేడి సంగతి పిడుగురాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది సున్నపు బట్టీల ఊరు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి సున్నం మిగులుతుంది. వేడి చాలకపోతే రాయి నడిమిభాగం పచ్చిగా ఉండిపోతుంది. మించితే సున్నం చచ్చిపోయి, నీళ్లు పోసినా సరిగా పొంగదు. ఆ ఊరి బజారులోనే ఒక చిన్న ప్రెస్సులో నేను గంటసేపు నిలబడి బంగారు అక్షరాలు వేయడం చూశాను. యంత్రం దగ్గరున్న ఆయన అచ్చయిన ప్రతి పదో కార్డునూ ఎత్తి వెలుగులో చూసి, వేడి ఒక మెట్టు పెంచుతూనో తగ్గిస్తూనో ఉన్నాడు. బట్టీ దగ్గర మనిషి మంట రంగు చూసి నిర్ణయించినట్టే.

ఆ యంత్రం ఎప్పటిదో. మన పాత అచ్చాపీసుల్లో ట్రెడిల్ అని పిలిచేవారే, దాని వంశంలోదే. కాలితో తొక్కితే చక్రం తిరుగుతుంది. రెండు ఇనుప పలకలు పుస్తకం మూసినట్టు దగ్గరవుతాయి, తెరిచినట్టు విడిపోతాయి. ఒక పలక మీద సీసపు అక్షరాలు, ఎదురుగా కాగితం. పలకలు విడిపోయిన ఆ కాస్త వ్యవధిలో రోలర్లు వచ్చి అక్షరాలకు సిరా పూసి వెళతాయి. ఈ పద్ధతిని 1850ల్లో అమెరికాలో ఒక దారికి తెచ్చినవాడు జార్జ్ ఫినియస్ గోర్డన్ అనే ముద్రాపకుడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన కలలోకి వచ్చి ఈ యంత్రం ఎలా కట్టాలో చెప్పాడని గోర్డన్ చెప్పుకునేవాడు. అందుకే దానికి ఫ్రాంక్లిన్ పేరే పెట్టాడు. 1914లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ వాళ్లు దీనికి చేతులు తొడిగారు. గాలిమర రెక్కల్లా తిరిగే ఆ చేతుల్లో ఒకటి తెల్లకాగితాన్ని లోపలికి అందిస్తుంటే, రెండోది అచ్చయినదాన్ని బయట పెడుతుంది. గంటకు 5,000 కాగితాల దాకా నడిచే ఆ యంత్రాన్ని 1985 వరకూ తయారు చేశారు.

తరువాత ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటరు వచ్చింది. సీసపు అక్షరాల కేసులు మూలపడ్డాయి. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్న తెలుగును కళ్లతో గబగబా చదవగలిగిన కంపోజిటర్లు ఆ విద్యతో సహా ఇళ్లకు వెళ్లిపోయారు. మన భాషకు అంత దగ్గరగా బతికిన ఆ మనుషుల గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ. వాళ్లు తొక్కిన యంత్రం మాత్రం ఇనుప సామాన్ల కొట్టుకు పోకుండా మిగిలింది. ఆఫ్‌సెట్ యంత్రంలో కాగితం రబ్బరు దుప్పటి చుట్టిన సిలిండర్ల మధ్య దొర్లుకుంటూ పోతుంది. ఒకచోట ఆగి, బిగించి పట్టుకుని, బలంగా నొక్కడం దానికి చేతకాదు. అట్టపెట్టెకు మడత గీత వేయాలన్నా, కార్డును వినాయకుడి ఆకారంలో కత్తిరించాలన్నా, మెరిసే పేరు వేయాలన్నా ఆ పాత పలకలే కావాలి.

చేసిన మార్పు చిన్నది. రోలర్లు తీసేశారు. అక్షరాలుండే పలక వెనుక కరెంటు హీటరు పెట్టారు, వేడి హద్దు దాటకుండా థర్మోస్టాట్ పెట్టారు. సీసం మెత్తనిది, వేడికీ ఒత్తిడికీ ఆగదు కాబట్టి దాని బదులు ఇత్తడితోనో మెగ్నీషియంతోనో చేసిన బ్లాకు బిగించారు. బ్లాకుకూ అట్టకూ మధ్యనుంచి మెరుపు రోలు ఒకటి మెల్లగా జారేలా అమర్చారు. పలకలు మూసుకున్నప్పుడు వేడెక్కిన బ్లాకు ఆ రోలును అట్టకు అదుముతుంది. తెరుచుకునేసరికి అక్షరం అట్ట మీద ఉంటుంది.

అసలు విద్యంతా ఆ రోలులో ఉంది. చూడ్డానికి పలచని మెరుపు కాగితం. నిజానికి అది ఒకదాని మీద ఒకటి పరిచిన ఐదు పొరలు. మోసేది పాలిస్టర్ పొర, మందం మిల్లీమీటరులో వెయ్యింట పన్నెండు వంతులు. దాని మీద మైనం లాంటి పూత. ఆ తరువాత రంగు లక్క. దాని మీద అల్యూమినియం. అన్నిటికీ చివర, అట్టను తాకే వైపు, వేడికి మాత్రమే మేలుకునే జిగురు. బ్లాకు తాకగానే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. అటు మైనం కరిగి పట్టు వదులుతుంది, ఇటు జిగురు కరిగి పట్టుకుంటుంది. మధ్యలోని లక్క, లోహం పాత ఇల్లు విడిచి కొత్త ఇంటికి వస్తాయి. వేడి తగలని చోట మైనం గట్టిగానే ఉంటుంది, జిగురు నిద్రలోనే ఉంటుంది, అక్కడి మెరుపు రోలుతోనే పోతుంది. శుభలేఖ మీద మనం బంగారం అనుకునేది పసుపు లక్క వెనుకనున్న అల్యూమినియం. అదే లక్కకు రంగు లేకపోతే వెండి, ఎరుపు వేస్తే కుంకుమ మెరుపు. ఆ లోహపు పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతులు రెండో మూడో, అంతే. కంసాలి సుత్తితో సాగగొట్టిన బంగారు రేకు కూడా దానికన్నా మందమే.

బంగారు రేకు మాట వచ్చింది కాబట్టి వెనక్కి వెళ్లాలి. యూరప్‌లో పుస్తకాలకు తోలు అట్టలు వేసేవాళ్లు వందల ఏళ్లపాటు అసలు బంగారమే వాడారు. తోలు మీద కోడిగుడ్డు తెల్లసొన పూసి, ఆరనిచ్చి, పైన రేకు పరిచి, కాల్చిన ఇత్తడి ముద్రతో నొక్కేవారు. వేడికి తెల్లసొన గట్టిపడి రేకును పట్టుకునేది. ముద్ర పడని చోట రేకును తుడిచేసేవారు. ఊపిరి విడిస్తే ఎగిరిపోయే రేకుతో ఆ పని ఎంత ఓర్పు అడిగి ఉంటుందో! వేడితో అంటించే ఈ ముద్రణకు మొదటి పేటెంటు 1892లో జర్మనీలో ఎర్న్‌స్ట్ ఓజర్ పేరిట నమోదైంది. అక్కడి నుంచి నేటి రోలుకు రావాలంటే ఇంకో రెండు దారులు కలవాలి.

మొదటిది పత్తి దారి. 1941లో ఇంగ్లండులో జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ డిక్సన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు పాలిస్టరును కనిపెట్టారు. వాళ్లు పనిచేసిన సంస్థ పేరు క్యాలికో ప్రింటర్స్ అసోసియేషన్. అంటే నూలుబట్టల మీద అద్దకం వేసే మిల్లుల సంఘం. క్యాలికో అన్న మాటే మన కాలికట్ రేవు పేరు నుంచి వచ్చింది. నూలు వ్యాపారుల సొమ్ముతో నడిచిన ప్రయోగశాలలో నూలుకు పోటీ పుట్టింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుకు ఆ పోటీ బరువు తెలుసు. ఆ పాలిస్టరునే పలచగా సాగదీసిన పొర 1950ల్లో బజారులోకి వచ్చింది. 150 డిగ్రీల వేడిలోనూ ముడుచుకోకుండా, తెగకుండా నిలిచేది కాబట్టి మెరుపును మోసే పని దానికి దక్కింది.

రెండోది నక్షత్రాల దారి. టెలిస్కోపు అద్దాలకు వెండి పూత నల్లబడుతోందని 1930ల్లో జాన్ స్ట్రాంగ్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త అల్యూమినియం పూయడం మొదలుపెట్టాడు. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరయ్యేదాకా కాలిస్తే, ఆ ఆవిరి అడ్డేమీ లేకుండా ఎగిరి ఎదురుగా ఉన్న చల్లని ఉపరితలం మీద సమంగా పేరుకుంటుంది. అద్దం ఉండాల్సిన చోట పాలిస్టరు చుట్టను తిప్పితే మన రోలు తయారు. ఆకాశం చూసే అద్దానికీ పెళ్లికూతురి పేరుకీ ఒకే పూత!

ప్రెస్సులో మనిషి చేతిలో ఉండేవి మూడు: వేడి, ఒత్తిడి, నొక్కి ఉంచే క్షణం. అట్ట మీద పనికి సాధారణంగా 100 నుంచి 150 డిగ్రీలు. ఏది ఎంతన్నది అట్టను బట్టి, రోలును బట్టి, అక్షరం లావును బట్టి మారుతుంది. ఇక్కడ మన లిపి పరీక్ష పెడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో గీతలెక్కువ, మనవన్నీ గుండ్రాలు. కడుపులు, తలకట్లు, కింద వేలాడే ఒత్తులు. వేడి ఎక్కువైతే బ్లాకు అంచుల పక్కనున్న మైనం కూడా కరిగి, మెరుపు అక్షరం కడుపులోకి పొంగి పూడుకుపోతుంది. తక్కువైతే సన్నని చోట్ల తెగుతుంది. రథసప్తమి నాటి పెళ్లికి వేసిన కార్డులో థ లోపలి చుక్క అంటలేదనుకోండి, అది రధసప్తమి అయిపోతుంది. 'స్థలం' అన్న మాటలో చుక్క ఒత్తులో ఉంటుంది, మరీ చిన్నది. నేను చూసిన ఆయన ప్రతి పదో కార్డులోనూ మొదట చూసింది ఆ ఒత్తునే. దాన్ని బట్టి వేడి దిద్దుకుంటే తక్కినవన్నీ సర్దుకుంటాయన్నాడు. ఏ యంత్రం పుస్తకంలోనూ ఉండని మాట అది. మన లిపితో పని చేసినవాడికే తెలుస్తుంది.

అట్ట నునుపుగా లేకపోతే ఈ శ్రమంతా వృథా. గరుకు అట్ట మీద మెరుపు గుట్టల మీద అంటి పల్లాల్లో అంటదు. అందుకే మంచి కార్డు అట్టకు తెల్లని పూత వేస్తారు. ఆ తెలుపులో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థమే. దాన్ని రాయిని మెత్తగా నూరి చేస్తారు, లేదా బట్టీలో కాల్చిన సున్నాన్ని నీళ్లలో కలిపి, అందులోకి మళ్లీ బొగ్గుపులుసు వాయువు పంపి చేస్తారు. బట్టీలో పోగొట్టుకున్న వాయువును సున్నం ఇక్కడ తిరిగి తీసుకుంటుంది. పూత కింది అట్ట కూడా మనకు దూరమైనది కాదు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల మెట్టపొలాల్లో సుబాబుల్, జామాయిల్ పెంచి కాగితపు మిల్లులకు అమ్మే రైతులు ఎందరో ఉన్నారు. భద్రాచలం పక్కన గోదావరి ఒడ్డున సారపాకలో ఐటీసీ మిల్లు ఉంది. ఆ సంస్థ 1979లో అట్టల తయారీలోకి వచ్చింది. మెట్టపొలం చెట్టు, సున్నపురాయి తెలుపు, వాటి మీద మెరుపు: పెళ్లికార్డు పుట్టుక ఇదీ.

ఇప్పుడు ఊరూరా కప్పుల మీద, చొక్కాల మీద ఫొటోలు వేసే దుకాణాలున్నాయి. అదే యంత్రంతో అట్ట మీద కూడా వేయించుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. అక్కడ జరిగేది వేరే పని. ఆ రంగు సుమారు 200 డిగ్రీల దగ్గర ద్రవం కాకుండానే ఆవిరై పాలిస్టరు లోపలికి దూరుతుంది. ఫ్రాన్స్‌లో నోయెల్ ద ప్లాస్ 1957లో దీన్ని గుర్తించాడు. పత్తి, అట్ట రెండూ సెల్యులోజు. ఆ ఆవిరికి సెల్యులోజులో చోటు దొరకదు. అందుకే నూలు చొక్కా మీద ఆ బొమ్మ నిలవదు, అట్ట మీద వెలిసిపోయినట్టు పడుతుంది.

ఇంట్లో వేడితో అట్ట మీద బొమ్మ దించాలనుకునే పిల్లలకు జెరాక్స్ దారి ఉంది. 1938 అక్టోబరు 22న న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, గంధకం పూసిన జింకు పలకను రుమాలుతో రుద్ది, దాని మీద మెత్తని పొడి చల్లి, ఆ పొడిని మైనపు కాగితానికి ఎత్తి, వేడిచేసి నిలబెట్టాడు. తేదీ, ఊరి పేరు పడిన ఆ కాగితమే మొదటి జెరాక్స్, వేడితో బొమ్మను ఇంకోచోట అంటించడమే అది. నేటి జెరాక్స్ పొడి కూడా సన్నని ప్లాస్టిక్కే. అందుకే ఎదురు తిప్పి అచ్చు తీసిన జెరాక్స్ కాగితాన్ని నునుపైన అట్ట మీద బోర్లించి, నీళ్లు లేని ఇస్త్రీ పెట్టెతో అదిమితే పొడి మళ్లీ కరిగి చాలావరకు అట్టకు అంటుతుంది. పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఎదురు తిప్పడం మరిచిపోతే అక్షరాలు అద్దంలో చూసినట్టు వస్తాయి. కంపోజిటర్ల కష్టం అప్పుడు పిల్లలకు అర్థమవుతుంది.

మెరుపు రోలుకు అలంకారం మించిన పని కూడా ఉంది. లక్క పొర మీద కంటికి కనిపించనంత సన్నని గీతలు తొక్కిస్తే హోలోగ్రామ్ అవుతుంది. 1983లో మాస్టర్‌కార్డ్ దాన్ని తన కార్డుల మీదకు తెచ్చింది. పురుగుమందు పెట్టెల మీద, మందుల పెట్టెల మీద ఇప్పుడు మనం చూసేది దాని బంధువే. వేడితో నేరుగా అట్టకు అంటించిన మెరుపు వెనుక పాలిస్టరు ఉండదు. గోరుతో లేపబోతే తునకలవుతుంది, ఇంకో పెట్టెకు మార్చడం వీలుకాదు. స్టిక్కరుగా అతికించినదాన్ని నెమ్మదిగా ఒలిచి మార్చగలరు. నకిలీ సరుకుతో ఏళ్లుగా దెబ్బతింటున్న రైతు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. మెరుపు ఉన్నంత మాత్రాన నమ్మకండి, బిల్లు తప్పకుండా తీసుకోండి.

ప్రెస్సులో పని అయ్యాక వాడేసిన రోలు చుట్ట ఒకటి మూలన పడి ఉంటుంది. ఈసారి కార్డులు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు దాన్ని కొంచెం విప్పి చూపించమని అడగండి. మెరుపంతా అలాగే ఉంటుంది, పేర్లున్న చోట మాత్రం అక్షరాల ఆకారంలో పాలిస్టరు గాజులా కనబడుతుంది. ఆ సీజనులో అక్కడ అచ్చయిన ప్రతి జంట పేరూ ఆ చుట్టలో వరసగా, వెలుతురు దూరే ఖాళీలుగా ఉంటుంది.