కారుకు రెక్కలు – ఎగరడానికి కాదు!

బరువైన ట్రక్కు తగిలించిన ట్రాక్టరును మా నాయన కాలవగట్టు ఎక్కిస్తుంటే ఒకసారి ముందు చక్రాలు పైకి తేలాయి. స్టీరింగు తిప్పినా బండి తిరగదే! పక్కనున్న నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడే నాయన ముందువైపు ఇనుప దిమ్మలు బిగించాడు.

సొంత కారును రేసు ట్రాకు మీద నడిపే ఔత్సాహికుడికీ ఇదే చిక్కు. టైరును నేలకు ఎంత నొక్కితే అంత పట్టు. బరువు వేస్తే పట్టు పెరుగుతుంది గాని, మలుపులో ఆ బరువునూ తిప్పాలి కదా! అందుకే గాలి చేత నొక్కిస్తారు. విమానపు రెక్కను తలకిందులుగా బిగిస్తే అది గాలిని పైకి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం గాలి దాన్ని కిందికి నొక్కుతుంది. ఈ బలం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 120 కి.మీ. వేగంలో 40 కిలోల బరువంత నొక్కే రెక్క, 60లో 10 కిలోలే నొక్కుతుంది.

1966లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ 2ఇ కారుకు ఎత్తయిన రెక్క పెట్టి దారి చూపాడు. 1969 స్పానిష్ గ్రాండ్ ప్రీలో రెండు లోటస్ కార్ల రెక్కలు విరిగి గ్రాహమ్ హిల్, యోఖెన్ రింట్ ప్రమాదాల పాలయ్యారు. ఆ తర్వాతి పందెంలోనే ఎత్తు రెక్కలను నిషేధించారు.

కనుక రెక్కను డిక్కీ రేకుకు కాక, లోపలి గట్టి చట్రానికి బిగించాలి. వెనక రెక్క ఒక్కటే పెడితే ముందు చక్రాలు తేలికవుతాయి, అచ్చం మా ట్రాక్టరులాగే. ముందు బంపరు కింద నేలకు దగ్గరగా ఒక పలక కూడా ఉండాలి. నెమ్మదిగా పోయినప్పుడు బాగానే ఉందని మోసపోకూడదు. వేగం హెచ్చాకే అసలు గుట్టు బయటపడుతుంది.

నాయన భయపడి దిమ్మలు బిగించాడు. మనం లెక్క వేసి ముందే బిగిద్దాం.