మత్తు విడిచినవారి కాలేయము: పసరు కన్న ముందు రక్తపరీక్ష

గోదావరి సీమలో పచ్చకామెర్లు అనగానే పసరు గుర్తుకు వచ్చును. ఫలానా ఊరిలో పరగడుపున పసరు పోయుదురని ఎవరో ఒకరు చెప్పుచునే యుందురు. కంట పసుపు కనిపించని కాలేయవ్యాధి మాట మాత్రము ఎవరికిని తోచదు.

కొంతకాలము క్రిందట ఒక తల్లి తన కుమారుని రాజమహేంద్రవరములో నా వద్దకు తోడ్కొని వచ్చినది. అతడు నొప్పికిచ్చు సూదిమందునకు అలవాటుపడి, స్నేహితులతో ఒకే సిరంజి పంచుకొన్నవాడు. పిమ్మట చికిత్సలో చేరి, నాలుక క్రింద పెట్టుకొను బుప్రెనార్ఫిన్ మాత్రతో కుదుటపడినాడు. “అబ్బాయి నీరసపడిపోతున్నాడండి, లివరుకేదైనా ఇవ్వండి” అని ఆమె కోరినది. నేను నేల ఉసిరి రసము చెప్పి పంపితిని. మూడు నెలలకు మరల వచ్చినపుడు గాని రక్తపరీక్ష సంగతి నాకు స్ఫురించలేదు. హెపటైటిస్ సి బయటపడినది. ఆ మూడు నెలలు నా వలన వృథా అయినవి.

మత్తు మన దేశమునకు క్రొత్త కాదు. నల్లమందును శాస్త్రములో అహిఫేనమందురు. చరక సుశ్రుతులు చెప్పకున్నను భావప్రకాశములో అది కలదు. ఏడ్చు పసివానికి ఆవగింజంత నాకించిన ఇండ్లు కూడ ఉండెడివి, అదియు తప్పే. అయితే నోట వేసికొన్న నల్లమందుతో ఈ వైరసు రాదు. సూది పంచుకొన్నపుడే ఒకరి రక్తము మరియొకరి రక్తములో కలియును. సిరంజియే కాదు, మందు కలుపు నీరు, దూది పంచుకొన్నను ప్రమాదమే.

1989లో గుర్తింపబడిన ఈ వైరసు సోకినవారిలో అధికులకు తొలుత ఏ లక్షణమును ఉండదు. నూటికి సుమారు 70 మందిలో అది శరీరములోనే నిలిచిపోవును. అట్టివారిలో 15 నుండి 30 మందికి ఇరువది ఏండ్లలో కాలేయము గట్టిపడును. టీకా లేదు.

నేల ఉసిరి మాటకు వత్తును. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ఫలితము హెపటైటిస్ బి గూర్చినది, సి గూర్చినది కాదు. ఆ ఫలితమైనను తరువాతి పరీక్షలలో నిలువలేదు. మా గురువుగారు నేర్పిన ఓషధిపై నాకు గౌరవము కలదు. కాని ఈ వైరసును అది హరించునని చెప్పజాలను.

హరించు మాత్రలు వేరే కలవు. సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ అనువానిని సాధారణముగా 12 వారములు వాడిన నూటికి 95 మందికి నయమగును. 2015 నుండి మన హైదరాబాదు కంపెనీలే సోఫోస్బువిర్‌ను చవుకగా తయారుచేయుచున్నవి. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షయు మందులును ఉచితము. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో విచారింపుడు. మొదటి పరీక్ష వైరసు ఎప్పుడైనా సోకినదా అని మాత్రమే చెప్పును; ఇప్పుడున్నదా అని తెలియుటకు ఆర్.ఎన్.ఏ. పరీక్ష కావలెను.

“ముందు మత్తు మాత్ర మానిపించి, తరువాత లివరు చూపిద్దాము” అని పెద్దలు తలచుట అన్నిటికన్న చేటు. బుప్రెనార్ఫిన్ ఆపినవాడు మరల సూది పట్టవచ్చును. రెండు చికిత్సలును కలిసి సాగవచ్చును. ఒకదానికొకటి అడ్డు కాదు. ఆ 12 వారములలో కాలేయమునకు మేలని తిప్పతీగ వంటివి సొంతముగా కలుపవద్దు. తిప్పతీగతో కొందరికి కాలేయము దెబ్బతిన్నట్లు 2021 నుండి వైద్యులు వ్రాయుచున్నారు.

కంచము వేరు చేయనక్కరలేదు. ఒకే పంక్తిని కూర్చుండి భుజింపవచ్చును. బ్లేడు, గోళ్ళకత్తెర, పళ్ళబ్రష్షు మాత్రము వేరుగా ఉంచుడు.

ఆ అబ్బాయి మాత్రలు పూర్తిచేసినాడు. ఆపిన 12 వారములకు చేసిన పరీక్షలో వైరసు కానరాలేదు. బుప్రెనార్ఫిన్ ఇంకను వాడుచున్నాడు. పథ్యమేమని తల్లి అడిగినది. కల్లు, సారాయి ముట్టరాదనియు, మిగిలినది ఇంటి భోజనమే చాలుననియు చెప్పితిని.