మీకు తెలుసా? మేడ్చల్ మీదుగా శ్రీనగర్ దారి
మేడ్చల్ మీదుగా సాగే 44వ జాతీయ రహదారి నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూలను దాటి, జీలం నది ఒడ్డున వెలసిన ప్రాచీన హిమాలయ నగరం శ్రీనగర్‌కు చేరుతుంది; 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మారకముందు ఇదే దారి 7వ సంఖ్యతో కాశీ వరకు పోయేదన్నది, యాత్రలకు పేరుపడిన తెలుగువారికి, మరింత ఆసక్తికరమైన విషయం. జమ్మూ దాటాక 2017లో తెరిచిన చెనానీ–నాశ్రీ సొరంగం, అనగా కొండను తొలిచి నిర్మించిన సుమారు 9 కిలోమీటర్ల మార్గం, దూరాన్ని 30 కిలోమీటర్ల మేర తగ్గించినప్పటికీ, ఆ పైనున్న రాంబన్ ప్రాంతంలో వానలకు, మంచుకు కొండచరియలు విరిగిపడి రాకపోకలు ఆగిపోవడం పరిపాటి కనుక, రోడ్డు మార్గాన బయలుదేరేవారు సెలవుల్లో ఒకటి రెండు రోజులు అదనంగా కేటాయించుకోవడం అవసరం.