కల్పితలోకములు : స్థాన్యాదేశన్యాయము

వ్యాకరణశాస్త్రమున స్థాని, ఆదేశము అను రెండు సంజ్ఞలు కలవు. ఒక వర్ణముగాని పదముగాని తొలఁగి దానిచోట వేఱొకటి వచ్చినపుడు, తొలఁగినది స్థాని, వచ్చినది యాదేశము. రూపము మాఱినను స్థానికిఁ గల ధర్మములు ప్రాయికముగా నాదేశమునకును సంక్రమించు ననుట శాస్త్రమర్యాద. ఆంగ్లభాషయందు నేఁడు విశేషాదరముఁ బడసిన మహాద్భుతకథలను బరిశీలించుట కీ న్యాయము మిక్కిలి యుపకరించును. అందలి దేశములును రాజవంశములును గల్పితములే. కాని యా కల్పితనామముల క్రింద నొక నిజమైన చరిత్రయుగము స్థానియై యుండును.

జార్జి మార్టిను అను నమెరికాదేశపు రచయిత, మంచునిప్పుల గీతము అను నర్థముగల పేరుతో 1996లో ప్రథమసంపుటమును వెలువరించిన కథామాల యిందుల కుదాహరణము. 1455 మొదలు 1485 వఱకు ఇంగ్లండున జరిగిన గులాబీయుద్ధములు దీనికి ముఖ్యాధారము. మూఁడవ ఎడ్వర్డు సంతతివారగు యార్కు, లాంకాస్టరు శాఖలవారు సింహాసనమునకై పోరాడిరి. కథయందలి స్టార్కు, లానిస్టరు అను పేళ్ల ధ్వనియే యా మూలమును దెలుపుచున్నది. అయినను నామసాదృశ్యము స్వల్పవిషయము. కారణసాదృశ్యము ముఖ్యము. ఆఱవ హెన్రీరాజు 1453లో మతిచలించి కొంతకాలము రాజ్యకార్యములకు దూరమయ్యెను. యువరాజు జన్మమును గూర్చి ప్రతిపక్షులు ప్రవాదములు పుట్టించిరి. ప్రభువులు సొంతబలములను బోషించుచుండిరి. కథలోను రాజు రాజ్యతంత్రమునం దుదాసీనుఁడు. అతని బిడ్డల పితృత్వము సందిగ్ధము. ప్రభువులయొద్ద సైన్యములు కలవు. కారణములు సమానములగుటచేఁ గార్యమును సమానమైనది.

రోమక చక్రవర్తి హేడ్రియను ఆజ్ఞచే క్రీ. శ. 122లో నుత్తరబ్రిటనున నారంభింపఁబడిన గోడ సుమారు 73 మైళ్ల పొడవుగలది. మార్టిను 1981లో దానిని దర్శించి, దానిపై నిలిచి యుత్తరదిక్కును జూచుచుండు రోమకభటుని మనఃస్థితి నూహించుకొనెను. కథలో నదియే 700 అడుగుల యెత్తుగల మంచుగోడ యైనది. కొలఁత మాఱినది, లోకపుటంచునఁ గావలియున్నవాని శంక మాఱలేదు.

వివాహపువిందునకు వచ్చిన యతిథుల నాతిథేయులే వధించు ఘట్టమొకటి యీ కథలోఁ గలదు. స్కాట్లండు చరిత్రలోని రెండు వృత్తాంతములు దీనికి మూలములని రచయితయే చెప్పియున్నాఁడు. 1440లో ఎడింబరో కోటయందు, బాలరాజగు రెండవ జేమ్సు సన్నిధిని విందునకుఁ బిలువఁబడిన డగ్లసువంశపు యువప్రభువును నతని తమ్ముఁడును, విచారణ యను మిషతో శిరశ్ఛేదము నొందిరి. 1692లో గ్లెంకో లోయయందు మక్డొనాల్డుల యిండ్ల సుమారు పండ్రెండుదినము లాతిథ్యము గొన్న సైనికులు, ఒకనాఁటి వేకువను లేచి, యా వంశమువారిని 30 మందికిఁ బైగాఁ జంపిరి. మొదటిదానిలో నాతిథేయుఁడు కర్త, అతిథి కర్మ. రెండవదానిలోఁ గర్తృకర్మలు తాఱుమాఱైనవి. క్రియ మాత్ర మొక్కటియే, విశ్వాసఘాతము. స్కాట్లండు ధర్మశాసనమును నమ్మించి చంపుటను సామాన్యహత్యకంటె ఘోరమైన యపరాధముగా నెంచెను. లాక్షాగృహవృత్తాంత మెఱిఁగిన తెలుఁగువారి కీ ఘట్టము చదువునపుడు గలుగు జుగుప్స క్రొత్తది కాదు.

అయినను స్థానిధర్మము లన్నియు నాదేశమునకు రావు. వర్ణమాత్రము నాశ్రయించిన విధులయందు స్థానివద్భావము శాస్త్రముననే నిషేధింపఁబడినది. కథలోని యగ్నిసర్పములును, ఏండ్లకొలఁది సాగు శీతకాలములును నాదేశమునకే చెందినవి. మఱియు గులాబీయుద్ధములు ముప్పదియేండ్ల కాలమున నప్పుడప్పుడు జరిగినవేకాని యెడతెగక సాగినవి కావు. కథలోనో గ్రామములు వరుసగా దగ్ధములగును. కథను జదివి పదునేనవ శతాబ్దమంతయు నట్లే యుండెనని నమ్మువాఁడు స్థానికి లేని ధర్మమును స్థానియం దారోపించినవాఁడగును. అగ్నిసర్పములు గలవు గావున నిందు సత్యమేలేదని త్రోసివేయువాఁడు ఆదేశమునకు వచ్చిన ధర్మమును గానలేనివాఁడగును. బలహీనుఁడగు రాజు, సందిగ్ధమగు వారసత్వము, భంగపడిన యాతిథ్యధర్మము, వీనివలనఁ గలుగు ననర్థము పేళ్లు మాఱినంతమాత్రమున మాఱదు. కథకుఁడు చరిత్రనుండి గ్రహింపవలసినదియు, పాఠకుఁడు కథనుండి చరిత్రకుఁ గొనిపోవలసినదియు నీ యంశమే.