తడిసిన కోడిపిల్లకు ముందు ఏం కావాలి?

నూజివీడు మామిడి తోటల్లో గాలివాన వెలిశాక ఏరేవి రాలిన రసాలే కావు. ఒక్కోసారి తల్లికి దూరమై, తడిసి ముద్దయిన కోడిపిల్ల కూడా దొరుకుతుంది. జాలిపడి నూకలు చల్లుతారు. అది తినదు. ఎందుకు?

చలి! మొదటి రోజుల్లో పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఆకలికి అంత తొందర లేదు. అప్పుడే పుట్టిన పిల్లనైతే కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు ఆదుకుంటుంది.

అందుకే ముందు పొడిగుడ్డతో అద్దాలి. గాలికంతలున్న మామిడిపండ్ల అట్టపెట్టెలో ఊక పరిచి, ఒక మూలన, దేనికీ తగలకుండా బల్బు వేలాడదీయాలి. ఎల్ఈడీ పనికిరాదు, వేడెక్కే పాతకాలం బల్బే కావాలి. మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెల్సియస్, ఆపైన వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేదా? పిల్లనే చూడండి. బల్బు కిందే ముడుచుకుని కీచుకీచుమంటే చలి. దూరంగా పోయి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు.

నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు కొసను ముంచితే చాలు, తలెత్తి అదే మింగుతుంది. వెనక రెట్ట ఎండి అతుక్కుంటే పీకొద్దు. గోరువెచ్చని తడిగుడ్డతో నానబెట్టి తుడవాలి.

మెడ మెలితిరిగినా, రెట్ట ఆకుపచ్చగా పడినా కొక్కెర తెగులు కావచ్చు. మిగతా కోళ్లకు దూరంగా ఉంచి, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.